చాడీలు చెప్పిన ఫుప్పు

ఎనిమిది రోజుల కిందట, శుక్రవారం మధ్యాహ్నం కోరుట్లలో మా పక్కింటి ఫుప్పు చనిపోయింది. అప్పుడు నేను జగిత్యాలలో, పనిచేసే బడి లైబ్రరీలో, చిరిగిన పుస్తకాలకు అట్టలు వేస్తున్నాను. అమ్మ ఫోన్ చేసి, "బిడ్డా, ఫుప్పు పోయింది" అన్నది. నేను అడిగిన మొదటి మాట, "బాపు ఏడున్నడు?" అని.

"ఆమె దగ్గర్నే ఉండె. ఆఖరి నీళ్లు ఆయననే తాపిండు."

ఏడుపు రావలసిన చోట ముందు అసూయ వచ్చింది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక కూడా అదే. ఆమె బతికి ఉండగా నా అసూయకు ఒక చోటు ఉండేది, గోడ అవతల. ఇప్పుడు దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఫుప్పు అంటే ఉర్దూలో మేనత్త. ఆమె మాకు చుట్టం కాదు. బాపు సిరిసిల్ల మనిషి, అక్కడ సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను మా వైపు అలాగే అంటారు. పని తగ్గాక అమ్మ పుట్టిన ఊరు కోరుట్లకు వచ్చి ఇల్లు కిరాయికి తీసుకున్నాం. సామాను దించుతుంటే నడుమ గోడ మీద నుంచి ఒక తల లేచి, "ఏ ఊరు తమ్మీ మీది?" అని అడిగింది. "సిరిసిల్ల, ఆపా" అన్నాడు బాపు. ఆపా అంటే అక్క. ఆయన ఏదో మర్యాదకు అన్నాడు. ఆమె మాత్రం అక్కడే పట్టుకుంది.

"ఆపా అన్నవు. గింక నీ బిడ్డకు నేను ఫుప్పునే. ఏమే, ఫుప్పు అను."

నేను అమ్మ వెనక్కి పోయాను. నాకు కొత్తవాళ్లతో మాట రాదు. "దీనికి నోరున్నదా, కాన్వెంటుల ఇచ్చి వచ్చిందా?" అని ఆమె నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అందరూ నవ్వారు, బాపు కూడా.

ఆమె బీడీలు చేసేది. పొద్దున నుంచి సాయంత్రం దాకా గోడ పక్కన రేకుల నీడలో కూర్చుని, ఒడిలో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు. ఆకును కత్తెరతో కత్తిరించేటప్పుడు వచ్చే చప్పుడు మా ఇంట్లో ఏ మూలకైనా వినిపించేది. చేతులు పని చేసుకుంటూ పోయేవి, నోరు దాని పని అది చేసుకుంటూ పోయేది. వాడలో ఎవరింట్లో ఏం ఉడికిందో, ఏం మాడిందో ఆమెకు తెలుసు. తెలిసింది దాచుకునేది కాదు. "నోట్లె ఉంచుకుంటే అన్నమన్న పాచిపోతది" అనేది.

బాపు తర్వాత మస్కట్ వెళ్లాడు. మా వాడలో గల్ఫ్‌లో ఎక్కడికి పోయినా దుబాయి పోయిండనే అంటారు. మా బాపూ దుబాయి పోయిండు.

దుబాయి ఇళ్లకు ఒక కట్టుబాటు ఉంది. అక్కడున్న మనిషికి చెడ్డ కబురు చెప్పకూడదు. అక్కడి మనిషి కూడా ఇక్కడికి చెడ్డ కబురు చెప్పడు. ఆయన "మంచిగున్న" అంటాడు, మనం "మంచిగున్నం" అంటాం. శుక్రవారం వాళ్లకు సెలవు, ఆ రోజే ఫోన్. అమ్మ ఆ రోజు వంట తొందరగా ముగించేది. తల దువ్వుకుని, నాకు దువ్వి, ఇంట్లో చెమ్మ పట్టని ఒకే ఒక్క గోడ ముందు ఇద్దరం కూర్చునేలా చాప వేసేది. వానాకాలంలో ఆ గోడ తప్ప మిగతా ఇల్లు వీడియో కాల్‌లో చూపించేట్టు ఉండేది కాదు.

"జర నవ్వు" అనేది అమ్మ. నేను బడి అసెంబ్లీలో ప్రతిజ్ఞ చెప్పినట్టు చెప్పేదాన్ని.

"తిన్నవా బిడ్డా?"

"తిన్న బాపు."

"చదువు?"

"మంచిగ నడుస్తున్నది బాపు."

"సరే. మంచిగ చదువుకో."

ఆ తర్వాత అమ్మ. అక్కడా అవే మాటలు. అవి అయిపోయాక బాపు ముఖం తెర మీద అట్లాగే ఉండేది, మేము చాప మీద అట్లాగే ఉండేవాళ్లం. ఎవరో ఒకరం సిగ్నల్ మీదికి నెట్టి ఫోన్ పెట్టేసేవాళ్లం.

కాసేపటికి గోడ అవతల ఆమె ఫోన్ మోగేది.

ఆమె ఫోన్‌ను తంబాకు డబ్బాకు ఆనించి, స్పీకర్ పెట్టి, చేతులు ఆపకుండా మొదలుపెట్టేది. నేను ఇవతల మెట్ల మీద పుస్తకం తెరుచుకుని కూర్చునేదాన్ని. పేజీ తిప్పేదాన్ని కాదు.

"ఆఁ తమ్మీ. నువ్వేం చెప్తవు గాని నేనే చెప్త, ఇను. మీ మోటరు ఖరాబైంది. మీ ఇంటామె బిందెలు మోస్తున్నది. మిస్త్రీని పిలువుమంటే రేపు, మాపు అంటది. నువ్వన్న చెప్పు."

"అవ్నా? నాకు చెప్పలే. ఇంకా?"

"నీ బిడ్డ. గా పిల్ల బడిల ఎవ్వలతోని మాట్లాడదట. ఇంటర్వెల్‌ల బాత్రూంల కూసుండి పుస్తకం చదువుతదట. గదేం చదువు తమ్మీ?"

నా ఒళ్లు మండింది. ఆ సంగతి నేను అమ్మకు కూడా చెప్పలేదు. నా క్లాసు అమ్మాయి వాళ్లమ్మ ఫుప్పు పక్కన కూర్చుని బీడీలు చేసేది, అట్లా పొక్కి ఉంటుంది. బాపు అన్నాడు, "నేను గూడ గట్లనే ఆపా. రూంల పడుకునే జాగ తప్ప కూసునే జాగ లేదు. నల్లా ఇప్పుకొని బాత్రూంల కూసుంట. గక్కడ్నే జర మంచిగనిపిస్తది."

"నీ బిడ్డనే మరి. ఎవలిది?" అన్నది ఆమె.

బాపు నవ్వాడు. ఆ నవ్వు మా చాప ముందు ఎప్పుడూ నవ్వలేదు. "ఇంకా? ఇంకా చెప్పు ఆపా" అన్నాడు. ఆకు అయిపోయి కత్తెర ఆగితే, "ఆపకు, కోసుకో. సాంచాల చప్పుడుల పెరిగినోన్ని. గమ్మునుంటే నాకు నిద్ర రాదు" అనేవాడు.

నాతో ఎన్నడూ "ఇంకా" అనలేదు. నాతో అనే మాట "సరే".

ఆ సాయంత్రం నుంచి నేను ఆమెతో మాట్లాడటం మానేశాను. ఆమెకది పెద్ద లెక్కలోకి రాలేదు. గోడ మీద నుంచి గిన్నె అందిస్తూ, "పుస్తకాల పురుగు అలిగింది. అలిగినా సేమియా తింటదట, అడుగు" అని అమ్మకు చెప్పేది. నేను తినేదాన్ని. అంత బాగా చేసేది మరి. దానికీ కోపం వచ్చేది.

నేను ఇంటర్ చదివే రోజుల్లో బాపు వీడియో ఆపేసి మాట్లాడటం మొదలుపెట్టాడు. మాట మెల్లగా, నీళ్లలోంచి వచ్చినట్టు వచ్చేది. ఒకరోజు ఆయన రూంలో ఉండే బుగ్గారం అబ్బాయి అమ్మకు ఫోన్ చేశాడు. "వదినే, అన్న మంచిగ తింటలేడు. పండుకుంటలేడు. మేం నవ్వుకుంటే తన మీదనే అంటున్నమంటడు. పనికి వోతడు, వస్తడు. గాని మనిషి మనిషి లెక్క లేడు."

అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. వచ్చే శుక్రవారానికి ఆమె చేసిన పని మా వాడలో ఏ దుబాయి ఇల్లాలైనా చేసేదే. ఉన్నవాటిలో మంచి చీర కట్టింది. చాప మీద కొత్త దుప్పటి పరిచింది. ఎప్పటికంటే ఎక్కువ నవ్వింది. "మాకేం తక్వ లేదు. బిడ్డ ఫస్టు వచ్చింది. అన్నీ మేమే చూసుకుంటున్నం. నువ్వు మా రంది పెట్టుకోకు" అన్నది. ఆయనకు ధైర్యం కావాలని ఆమె అనుకుంది. నేనూ అదే అనుకుని, నా మార్కులు ఒక్కో సబ్జెక్టూ చదివి వినిపించాను.

"మంచిది" అన్నాడు బాపు.

తర్వాత గోడ అవతల ఫోన్ మోగింది. నేను మెట్ల మీదికి వెళ్లాను.

"వాళ్లు మంచిగున్నరు ఆపా," అంటున్నాడు. "నేను లేకున్నా వాళ్లకేం ఫరక్ పడదు. ఇల్లు నడుస్తనే ఉన్నది. నాకు సంతోషమే."

కత్తెర ఆగింది. ఆయనతో మాట్లాడేటప్పుడు దాన్ని ఆమె తనంతట తాను ఆపడం నేను అంతకుముందు వినలేదు.

"తమ్మీ, గా మాట మల్లొక్కసారి అను."

ఆయన అనలేదు.

"నాకు సీదా చెప్పు. పానం తీసుకోవాల్నని ఏమన్న మనసుల పెట్టుకున్నవా? సిగ్గువడకు. ఆపాకు చెప్పు."

బాపు గొంతు, చిన్నగా: "అప్పుడప్పుడు."

నా చేతిలో పుస్తకం ఉంది. అది ఏ పుస్తకమో ఇప్పటికీ గుర్తు రాదు. బాపు ఆ మాట చెప్పింది ఆమెకు. నేను గోడకు ఇవతల ఉన్నాను.

ఆమె అరవలేదు, ఏడవలేదు. "బుగ్గారం పిలగాడు ఏడి? ఫోన్ వానికియ్యి" అన్నది. అతనితో, "బేటా, ఈయన్ని ఒక్కన్ని ఇడిసిపెట్టకు. బాత్రూంకు వోయినా బయట నిలవడు. మీ సార్లకు చెప్పు, ఇయ్యాల్నే చెప్పు. ఈయన్ని దవఖాన్ల చూపియ్యుండ్రి, ఇంటికి తోలియ్యుండ్రి" అన్నది. అతను సరే అనేదాకా ఫోన్ పెట్టలేదు. పెట్టేసి, ఒడిలో తంబాకు రాలుతుండగానే మా వాకిట్లోకి వచ్చింది.

"ఏమమ్మా, మంచిగున్నరా?"

అమ్మకు అర్థం కాలేదు. "మంచిగనే ఉన్నం అక్కా. కూసో."

"ఏం మంచిగున్నరు మీరు? మంచిగున్నం, మంచిగున్నం అని చెప్పి చెప్పి ఇల్లుగలాయన్ని సుట్టాన్ని చేసిండ్రు గద! నేను లేకున్నా నడుస్తదంటున్నడు ఆడ!"

అమ్మ గోడకు ఆనుకుంది. "గంత దూరం ఉన్నోనికి బాధలు చెప్పి ఏం లాభం అక్కా? రంది పెట్టుకుంటడని..."

"పెట్టుకోనియ్యి! రంది ఉన్నోడు ఇల్లు యాదికుంచుకుంటడు. ఫోన్ చెయ్యి. మోకాలు గుంజుతున్నదని చెప్పు. ఇల్లు ఉరుస్తున్నదని చెప్పు. నువ్వు గావాలె అని చెప్పు."

అమ్మ ఫోన్ చేసింది. హలో అనగానే ఏడుపు అందుకుంది, ఇంక మాట రాలేదు. నా గొంతులో ఒక వాక్యం సిద్ధంగా ఉంది. బాపూ, ఇంటికి రా. అంతే. ఇంగ్లీషులో, తెలుగులో, ఏ భాషలోనైనా చెప్పగలిగినంత చిన్న వాక్యం. నోరు తెరిచాను. రాలేదు. ఫుప్పు నా ముఖం చూసింది. అమ్మ చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"తమ్మీ, నీ బిడ్డ ఇంటికి రమ్మంటున్నది. నా ముంగటనే నిలవడ్డది. గజగజ వణుకుతున్నది."

నా వాక్యం కూడా ఆమే చెప్పింది. అట్లా చెప్పకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు. తెలిసి కూడా అసూయ పోలేదు.

బాపు వచ్చాడు. బుగ్గారం అబ్బాయి కంపెనీ వాళ్లతో మాట్లాడి, టికెట్ పెట్టించి, తోడు కూడా వచ్చాడు. కారు దిగిన మనిషి సగమయ్యాడు. నన్ను చూసి తల నిమిరాడు. ఆమెను చూసి, "ఆపా" అన్నాడు. ఆ రోజంతా ఆయన అన్న మాట అదొక్కటే.

చుట్టాలు గాలి సోకిందన్నారు, ఎవరో చేతబడి చేశారన్నారు. ఫుప్పు ఆటో పిలిచి మా ముగ్గురినీ జగిత్యాల తీసుకుపోయింది, మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి. డాక్టరమ్మ చాలాసేపు విన్నది. "ఇది జబ్బే. మీ తప్పు కాదు, పిరికితనం కాదు. దూరం పోయి పనిచేసే వాళ్లలో చూస్తూనే ఉంటాను. మందులు వాడాలి, మధ్యలో మానొద్దు. మాట్లాడుతూ ఉండాలి" అన్నది. ఆ తర్వాత అడిగింది, "మనసులో మాట మీరు ఎవరితో చెప్పుకుంటారు?"

మేం ముగ్గురు ఆడవాళ్లం వరుసగా కూర్చున్నాం. బాపు కళ్లు అమ్మను దాటాయి, నన్ను దాటాయి, ఫుప్పు దగ్గర ఆగాయి. ఆమె బురఖా కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "నాకేం తెల్సు అమ్మా, నేను వాళ్ల ఇంటి మీద చాడీలు చెప్త గంతే" అన్నది. డాక్టరమ్మ నవ్వి, "చెప్తూ ఉండండి" అన్నది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆమె బాపుకు చెప్పింది, "దర్గాకు నేను వోత. దువా నేను చేస్త. గోలీలు నువ్వు మింగు. నీ వంతు నాకు చెప్పకు, నా వంతు నువ్వు అడుగకు."

మందులు పనిచేశాయి. ఒక్కసారిగా కాదు. కొన్ని నెలలు ఆయన గోడ పక్కన కుర్చీ వేసుకుని కత్తెర చప్పుడు వింటూ కూర్చునేవాడు, అంతే. ఆమె అటు నుంచి మా సంగతులు చెప్తూనే ఉండేది, మేం ఇంట్లోనే ఉన్నా సరే. "తమ్మీ, మీ నల్లా కారుతున్నది, చప్పుడు నాకిక్కడికి ఇనవడ్తున్నది." బాపు లేచి నల్లా చూసేవాడు. "తమ్మీ, నీ బిడ్డ బస్సు పైసలతోని పుస్తకం కొన్నది. నడుచుకుంట వచ్చింది." బాపు మరునాడు నన్ను బండి మీద దింపేవాడు. దారిలో ఏం మాట్లాడేవాడు కాదు. నేనూ మాట్లాడేదాన్ని కాదు. ఆమె చెప్పేసిన తర్వాత మాకు చెప్పుకోవడానికి ఏం మిగిలేది కాదు మరి.

ఒకసారి, డిగ్రీ చివరి ఏడు, ధైర్యం చేసి ఆమెనే అడిగాను. "ఫుప్పూ, బాపుకు అన్నీ చెడ్డ మాటలే ఎందుకు చెప్పేదానివి?"

దారం పంటితో తెంపి, నన్ను కూర్చోమన్నది. "మీ ఫుప్పా, మా ఇంటాయన, సౌదీల ఉన్నప్పుడు నేను గూడ మంచిగున్నం, మంచిగున్నం అనే చెప్పిన. వచ్చిండు. వచ్చినంక సుట్టమోలె మంచం అంచుకు కూసున్నడు. దూప అయితే నన్ను అడిగిండు, జర నీళ్లిస్తవా అని. సొంత ఇంట్ల గ్లాసు ఏడుంటదో తెల్వదు ఆయనకు. తెల్వకుంట నేనే చేసిన. గప్పటి సంది నాకు ఈ నోరు వచ్చింది." తర్వాత నా చెంప మీద తంబాకు వేళ్లతో తట్టి, "నువ్వు గూడ నేర్చుకో. కాన్వెంటుల గిది చెప్పరు" అన్నది.

నేను నేర్చుకోలేదు. ఆమె ఉండగా అవసరం పడలేదు.

రెండేళ్లుగా ఆమెకు దగ్గు. బీడీలు చేయడం మానమన్నారు. "బీడీలు మానితే నోరు గూడ మూత పడ్తది" అని మానలేదు. దగ్గు తెర వచ్చినప్పుడు బాపు గోడ మీద నుంచి వేడినీళ్లు అందించేవాడు. నాకు జ్వరం వస్తే అమ్మే చూసేది. ఆమె దగ్గు మీద కూడా నాకు అసూయ కలిగేదని రాస్తే మీరు నవ్వవచ్చు.

జనాజా సాయంత్రం లేచింది. ఆడవాళ్లు ఖబరస్తాన్ దాకా పోరు, వాకిట్లోనే ఆగాం. బాపు భుజం పట్టాడు. సందు మలుపు తిరిగేదాకా ఆయన తల కనిపించింది. ఇన్నేళ్లూ ఆయన మాటలు మోసిన మనిషిని ఆయన మోసుకుపోతున్నాడు. నేను మళ్లీ ఇవతలే ఉన్నాను.

మూడో రోజు, సమాధి దగ్గర ప్రార్థన చేసే జియారత్ అయ్యాక, సిరిసిల్లలో ఉండే ఆమె కూతురు మా ఇంటికి వచ్చింది. గుడ్డలో చుట్టిన కత్తెర బాపు చేతికి ఇచ్చింది. "మామూ, అమ్మీ మీకే ఇయ్యమన్నది." నాకేమైనా ఇస్తుందేమోనని గడప దగ్గర నిలబడ్డాను. ఆమె నా తల నిమిరి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి బాపు మాట్లాడలేదు. పలకరించడానికి వచ్చిన వాళ్లతో అమ్మ, "మంచిగనే ఉన్నడు" అన్నది. ఫోన్ చేసిన వాళ్లతోనూ అదే. పాత అలవాటు ఆమె గొంతులోకి ఎంత తేలికగా తిరిగి వచ్చిందో విని నాకు భయం వేసింది. బాపు గోడ పక్కన కుర్చీలో కూర్చుని, ఆకు లేకుండానే కత్తెర తెరిచి మూస్తున్నాడు. తెరిచి మూస్తున్నాడు. అవతల చాట గోడకు ఆనించి ఉంది. ఏళ్ల కిందట గోడ మీద నుంచి విన్న "అప్పుడప్పుడు" నాకు మళ్లీ వినిపిస్తోంది. ఈసారి దాన్ని అందుకోవడానికి అవతల ఎవరూ లేరు.

నిన్న శుక్రవారం. మధ్యాహ్నం నేను పుస్తకం మెట్ల మీద పెట్టి వెళ్లి ఆయన కుర్చీ పక్కన కింద కూర్చున్నాను.

"బాపూ."

మళ్లీ అన్నాను. కత్తెర ఆడుతూనే ఉంది.

"అమ్మ మోకాలు వాచింది. నీకు చెప్పద్దన్నది."

కత్తెర నెమ్మదించింది.

"నువ్వు మొన్నటి సంది గోలీలు మింగుతలేవని నాకు తెల్సు. సోమారం డాక్టరమ్మ దగ్గరికి నిన్ను నేను తీస్కపోత. ఇంక... నాకు గా బడిల మంచిగ లేదు బాపూ. ఎవ్వలతోని మాట రాదు. ఇప్పటికీ ఒక్కదాన్నే తలుపేసుకొని తింట."

ఆయన నా వైపు తిరిగాడు. ఎంతోసేపు చూశాడు, నన్ను ఎక్కడో చూసినట్టు, ఎక్కడా అని గుర్తు చేసుకుంటున్నట్టు.

"ఇంకా?" అన్నాడు.

ఆ మాట ఆమెది. ఆమెకే అంటుంటే గోడ ఇవతల నుంచి విన్నాను. ఇప్పుడు చేతిలోకి వచ్చినా సొంతమనిపించలేదు, అయినా వదలాలనిపించలేదు. చెప్పడం మొదలుపెట్టాను. బాపు వేళ్ల మధ్య కత్తెర రెండు రెక్కలూ తెరుచుకుని, మూసుకోవడం మరిచిపోయి, నా వైపే నిలిచి ఉంది.